అల్లాయ్ చక్రాలకు ఇంట్లోనే రంగు వేయాలంటే పాత రంగు మొత్తం తీసేయాలా?

పటమట, విజయవాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2014లో మా నాన్నగారు కొన్న చిన్న కారు ఈ ఏడాది నా చేతికి వచ్చింది. ఇంజను, బాడీ బాగానే ఉన్నాయి గానీ నాలుగు అల్లాయ్ చక్రాలూ చాలా పాడైపోయి కనిపిస్తున్నాయి. మూడింటి అంచులు ఫుట్‌పాత్ రాళ్లకు రాసుకుని చెక్కుకుపోయాయి. నాలుగోదానికి దెబ్బలేమీ లేవు, కానీ నట్ల చుట్టూ, గాలి వాల్వు దగ్గర, పైన మెరిసే పూత కింద తెల్లని దారాల్లాంటి గీతలు పురుగు పాకిన జాడలా మెలికలు తిరుగుతూ నెలనెలా కొంచెం కొంచెం పాకుతున్నాయి. గోటితో గీరితే ఆ చోట పూత పొలుసులా లేచి, కింద ఉన్న తెల్లని పొడి వేలికి అంటుతోంది.

దీనికి తోడు ఎడమవైపు వెనక చక్రంలో వారానికి మూడు నాలుగు పాయింట్ల గాలి తగ్గుతోంది. పంక్చరు షాపులో నీళ్ల తొట్టిలో ముంచి చూస్తే టైరులో రంధ్రమేమీ కనబడలేదు, టైరూ రిమ్మూ కలిసే అంచు నుంచి మాత్రం సన్నని బుడగలు వచ్చాయి.

కొత్త చక్రాలు కొనే ఉద్దేశం నాకు లేదు. నాన్నగారు ఇష్టపడి ఎంచుకున్న చక్రాలు కాబట్టి వీటినే బాగుచేసుకోవాలని, సాధ్యమైనంత వరకు ఆ పని నా చేతులతోనే చేయాలని ఉంది. మాకు తెలిసిన ఒక రంగుల పనివారు, చక్రాలను కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి రంగంతా ఊడివస్తుందని చెప్పారు. ఇంకొకరు హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ పూస్తే చాలన్నారు. మాది అపార్ట్‌మెంటు. సెల్లారులో పార్కింగు ఉంది, డాబా వాడుకోవడానికి అనుమతి ఉంది. కంప్రెసర్ లేదు కాబట్టి స్ప్రే డబ్బాలతోనే వేయాలి. పాత రంగును లోహం కనబడేదాకా తీయాలా, తీస్తే దేనితో తీయాలి, ఆపైన ఏ వరుసలో ఏమేమి వేయాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను. దీపావళి సెలవుల్లో మొదలుపెడదామనుకుంటున్నాను.

అరండల్‌పేట, గుంటూరు (జవాబు)

నమస్కారం అండి. మీరు ఇంకా మొదలుపెట్టకముందే ఈ ప్రశ్న చూడడం నాకు ఊరటగా ఉంది. దయచేసి ఆ చక్రాలను కాస్టిక్ సోడా దగ్గరికి తీసుకువెళ్లకండి. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు, నా చేతులతో ఒక చక్రాన్ని పాడుచేసుకున్నాక చెబుతున్నాను.

మూడేళ్ల కిందట మా పాత కారు ఇనుప చక్రాలకు రంగు వేయదలచి, ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో కాస్టిక్ సోడా నీళ్లు పోసి నానబెట్టాను. అది చక్కగా పనిచేసింది. మర్నాటికి రంగు తొక్కలు తొక్కలుగా ఊడివచ్చింది. ఆ ధైర్యంతోనే మా బావగారి కారు అల్లాయ్ చక్రాన్నొకదాన్ని అదే నీళ్లలో ముంచాను. కొద్ది నిమిషాల్లో అంచుల దగ్గర, అంటే రంగు ముందే లేచిపోయిన చోట్ల, సోడా బుడ్డి మూత తీసినట్టు సన్నని చప్పుడుతో బుడగలు మొదలయ్యాయి. పావుగంట గడిచేసరికి టబ్బు గోడ బయటి నుంచి ముట్టుకున్నా వేడిగా తగిలింది. నురగ పైదాకా లేచింది. కళ్లు, గొంతు మండడంతో దూరం జరిగి, పొడవాటి కర్రతో చక్రాన్ని బయటికి లాగి నీళ్లు కొట్టాను. దాని నిండా నల్లని బురదలాంటి పొర పట్టి ఉంది. తుడిచి చూస్తే నట్లు కూర్చునే చోట లోహం అంతా చీమలు తిన్నట్టు గుంటలు పడి కనిపించింది. నట్టు బిగించే చోటు అలా దెబ్బతిన్నాక ఆ చక్రాన్ని కారుకు ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. మా బావగారికి కొత్తది కొనిచ్చాను.

కాబట్టి ముందుగా ఏ చక్రం ఏ లోహమో ఖాయం చేసుకోండి. వీల్ క్యాపుల కింద ఉండేవి చాలావరకు ఇనుప చక్రాలే, మీ స్టెప్నీ కూడా బహుశా ఇనుముదే అయి ఉంటుంది. ఫ్రిజ్ మీద అతికించే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం. ఒక దానికి మందైనది ఇంకొకదానికి విషం అవుతుంది.

బ్రాడీపేట, గుంటూరు (జవాబు)

నేను రసాయన శాస్త్రం బోధిస్తాను. పై మిత్రులు చూసినదాని వెనక కారణం చెబితే మిగిలినవారికి కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అల్యూమినియం గాలి తగలగానే తన మీద చాలా పలుచని ఆక్సైడ్ పొరను తానే కప్పుకుంటుంది, ఆ పొరే దానికి కవచం. కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, మొదట ఆ కవచాన్ని కరిగించి, ఆపైన లోహాన్నే కరిగించడం మొదలుపెడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మీరు విన్న చప్పుడు ఆ హైడ్రోజన్ బుడగలదే. తలుపులు మూసిన సెల్లారులో ఇలా జరిగి, దగ్గరలో ఒక నిప్పురవ్వ పుడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కళ్లు మండడానికి కారణం ఆ బుడగలు పైకి చిమ్మిన సన్నని సోడా తుంపర. ఇక ఆ నల్లని బురద గురించి. అల్లాయ్ చక్రాల పోతకు ఎక్కువగా వాడే మిశ్రమ లోహంలో అల్యూమినియంతో పాటు సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. సోడా అల్యూమినియాన్ని తినేస్తే, అంత తేలిగ్గా కరగని సిలికాన్ మొదలైనవి నల్లగా పైన మిగిలిపోతాయి. ఇనుము విషయం వేరు. మామూలు వేడిలో కాస్టిక్ సోడా దాన్ని చెప్పుకోదగినంతగా తినదు, అందుకే అక్కడ రంగు మాత్రమే పోయింది.

రెండో సలహా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పెయింట్ రిమూవర్లు అన్నీ ఒకటి కావు. డబ్బా మీద మెథిలీన్ క్లోరైడ్ అనో, దానికే మరో పేరైన డైక్లోరోమీథేన్ అనో, లేక దాని గుర్తింపు సంఖ్య 75-09-2 అనో కనిపిస్తే దాన్ని ఇంట్లో వాడకండి. ఆ ద్రవం మరిగే ఉష్ణోగ్రత దాదాపు 40 డిగ్రీలు. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం గాలి వేడి దానికంటే ఎక్కువే ఉంటుంది. దాని ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువైనది కాబట్టి సెల్లారులాంటి పల్లపు చోట పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది, మనం కూర్చుని పనిచేసే ఎత్తులోనే నిలుస్తుంది. పీల్చినవారికి మొదట మత్తుగా అనిపిస్తుంది, ఆపైన శరీరం దానిలో కొంత భాగాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చుకుంటుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాంతకం. గుడ్డ మాస్కులు దీన్ని ఆపలేవు, మామూలు కార్ట్రిడ్జ్ మాస్కులను కూడా ఈ ఆవిరి త్వరగా దాటిపోతుంది. పలుచని రబ్బరు తొడుగుల్లోంచి నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. సామాన్య వినియోగదారులకు రంగు తీయడానికి దీన్ని అమ్మడాన్ని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో నిషేధించింది. కొన్ని మరణాల తరువాతనే ఆ నిర్ణయం వచ్చిందన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన రిమూవర్లు నెమ్మదిగా పనిచేస్తాయి గానీ ఇంతటి ప్రమాదం లేనివి. వాటిని వాడినా డాబా మీదే, గాలి వీచే చోటే వాడండి. ఊడిన రంగు ముద్దను కాగితాల మీద ఎండబెట్టి, మూట కట్టి, ప్రమాదకర చెత్తగా విడిగా అప్పగించండి. మురుగులోకి కడిగేస్తే అది చివరికి బందరు కాలువలోకో రైవస్ కాలువలోకో చేరుతుంది.

ఆటోనగర్, విజయవాడ (జవాబు)

ప్రశ్న అడిగినవారికి నమస్కారం. నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్లకు రంగు వేసే పనిలో ఉన్నాను. సోడా మంచిదా, రిమూవర్ మంచిదా అనే ముందు ఒక మాట. మీ చక్రాలకు పాత రంగు మొత్తం తీయవలసిన అవసరమే లేదని మీరు రాసినదాన్నిబట్టి నాకు అనిపిస్తోంది.

కంపెనీలో వేసిన పూతలు వేడి గదిలో గట్టిపడినవి. గట్టిగా పట్టుకుని ఉన్న చోట అవి మీరు డబ్బాతో వేయబోయే ఏ ప్రైమర్ కంటే కూడా మంచి పునాది. అలాంటి పునాదిని పెకలించి, దాని స్థానంలో బలహీనమైనదాన్ని పెట్టడం ఎందుకు? చెడిన చోట మాత్రం లోహం దాకా వెళ్లండి, బాగున్న చోట మెరుపు చచ్చేదాకా 320, ఆపైన 400 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే నంబరు పెరిగేకొద్దీ నునుపయ్యే గరుకు కాగితంతో, తడిపి రుద్దండి, అది చాలు. రెండూ కలిసే సరిహద్దు మీదుగా వేలు జరిపితే మెట్టు తగలకూడదు. తగిలితే అది రేపు రంగు వేశాక గీతలా తప్పకుండా కనిపిస్తుంది.

అయితే ఆ పురుగు జాడల విషయంలో జాలి పడకండి. పైపూతకు ఎక్కడో చిన్న గాటు పడి, తేమా ఉప్పూ లోపలికి దిగి, లోహం మీద పూత కిందుగా పాకే తుప్పు అది. సూర్యలంక బీచికో మంగినపూడికో తరచుగా వెళ్లివచ్చి చక్రాలు కడగని బండ్లలో నేను దీన్ని ఎక్కువగా చూస్తాను. కంటికి కనిపించే గీత చివరి దాకా తీసి ఆగితే సరిపోదు, దాని ముందు ఇంకో వేలెడు మేర బాగున్నట్టు కనిపించే పూత కూడా తీసి, కింద లోహం శుభ్రంగా మెరుస్తోందని కంటితో చూసుకున్నాకే ఆపాలి. 120తో మొదలుపెట్టి 180, 240, 320 వరుసలో వెళ్లండి. ఒక నంబరు వదిలేసి ముందుకు దూకితే ముందటి గీతలు అలాగే మిగులుతాయి. ఇనుప తీగల బ్రష్షును అల్యూమినియం మీద వాడకండి. దాని ఇనుప రజను లోహంలో చిక్కుకుని తేమ తగిలినప్పుడు అక్కడే కొత్త తుప్పుకు విత్తనమవుతుంది. మెరూన్ రంగు రాపిడి ప్యాడు మంచిది.

అంచుల మీద చెక్కుడు లోతు తక్కువైతే సన్నని ఆకురాయితో నునుపు చేసి పేపర్ పట్టండి. కొంచెం లోతుంటే పుట్టీ పెట్టవచ్చు గానీ, పగుళ్లను మాత్రం పుట్టీతో కప్పకండి. చక్రం వెనకవైపు, కమ్మీలు (మధ్య నుంచి అంచుకు వెళ్లే చువ్వలు) మొదలయ్యే మూలల్లో, టార్చి లైటు వేసి వెంట్రుకంత గీత ఉందేమో వెతకండి. పగిలిన చక్రానికి వెల్డింగు చేసి ఇస్తామనేవారు ఉంటారు. నేనైతే దాన్ని నా బండికి ఎక్కించను, మీరూ ఎక్కించవద్దు. అలాగే గ్యాస్ మంటతో రంగు కాల్చి తీస్తామనేవారికి అల్లాయ్ చక్రం ఇవ్వకండి. ఆ లోహానికి బలం వచ్చేదే లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం వల్ల, తరువాత సుమారు 160 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచడం వల్ల. అదుపులేని మంట తగిలితే పైకి ఏమీ కనబడకుండానే ఆ బలం పోతుంది. పౌడర్ కోటింగు చేయించాలన్నా ఓవెన్ వేడి ఎంత పెడతారో ముందుగా అడగండి. అది మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల దాకా ఉంటుంది. ఒకసారికి పరవాలేదు గానీ ఒకే చక్రాన్ని పదేపదే కాల్చకూడదు.

టైరు తీయించే రంగు వేయండి. మీకు గాలి కారుతున్నది ఆ తుప్పు వల్లనే అయి ఉంటుంది. టైరు బీడు, అంటే రిమ్ముకు అతుక్కునే టైరు లోపలి అంచు, కూర్చునే గాడిలో తెల్లని పొడి పేరుకుంటే రబ్బరు సరిగ్గా అతకదు. టైరు తీశాక ఆ గాడిని ప్యాడుతో చుట్టూ శుభ్రం చేసి, పలుచగా ప్రైమర్ మాత్రం వేసి వదిలేయండి, రంగు మందంగా పట్టించవద్దు. రంగు అసలే పడకూడని చోట్లు ఇంకా ఉన్నాయి. హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి, ఆనుకునే వెనక ముఖం, మధ్య రంధ్రం లోపలి గోడ, నట్లు కూర్చునే గుంటలు. వీటిని మాస్కింగ్ టేపుతో కప్పండి. అక్కడ రంగు పొర ఉంటే నట్లు బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, కానీ బండి తిరిగి వేడెక్కాక ఆ పొర నలిగి నట్టు వదులవుతుంది. ఇది అందం గురించిన మాట కాదు, చక్రం ఊడకుండా ఉండడం గురించి.

రంగు వేసే ముందు కడుగుడు విషయంలో చాలామంది తొందరపడతారు. టైర్లకు నల్లగా పూసే పాలిష్‌లో సిలికాన్ నూనె ఉంటుంది, అది చక్రానికి అంటి ఉంటే కొత్త రంగు చేపకళ్లలా గుండ్రంగా విడిపోతుంది. రుద్దడానికి ముందే ఒకసారి జిడ్డు తీయండి, లేకపోతే ఆ నూనెను పేపర్‌తో లోహంలోకి మీరే రుద్దినట్టవుతుంది. రుద్దిన తరువాత మళ్లీ కడగండి. శుభ్రమైన నీళ్లు పోసినప్పుడు అవి పలుచని పొరలా పరుచుకోవాలి. తామరాకు మీద బొట్లలా విడిపోయి జారుతుంటే ఇంకా జిడ్డు ఉన్నట్టే. బ్రేకుల దుమ్మును ఎప్పుడూ గాలి కొట్టి ఎగరగొట్టకండి, తడిపి తీయండి. ఆరిన తరువాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

లోహం బయటపడిన చోట ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ, రెండిట్లో ఒకటే వేయండి. ఎచ్ ప్రైమర్‌లో ఉండే ఆమ్లం లోహాన్ని పట్టుకుంటుంది, కానీ దాని మీద ఎపాక్సీ వేస్తే ఆ ఆమ్లం ఎపాక్సీని గట్టిపడనివ్వకపోవచ్చు. ఎచ్ మీద నేరుగా పుట్టీ కూడా పెట్టవద్దు. పుట్టీ అవసరమున్న చక్రానికి ఎపాక్సీయే మేలు. రెడ్ ఆక్సైడ్ చవకగా దొరుకుతుంది గానీ అది ఇనుముకు, అల్యూమినియానికి కాదు. రుద్దడం పూర్తయ్యాక మర్నాటి దాకా ఆగకుండా ఒక గంటలోపే ప్రైమర్ పడాలి, ఆ రాత్రి మంచుకే లోహం మసకబారుతుంది.

డబ్బాను గోలీ చప్పుడు మొదలైన తరువాత ఇంకో రెండు నిమిషాలు ఊపండి. జానెడు దూరంలో పట్టుకుని, చక్రం బయట నొక్కడం మొదలుపెట్టి, చక్రం దాటాక వదలండి. మొదటి కోట్ కింది రంగు కనిపించేంత పలుచగా ఉండాలి. పది నిమిషాల ఎడంతో మూడు పలుచని కోట్లు వేస్తే ఒక మందపు కోట్ కంటే ఎన్నో రెట్లు మన్నుతుంది. కమ్మీల పక్క గోడలు ముందు, ఎదురు ముఖం తరువాత.

చివరగా పైన వేసే క్లియర్, అంటే రంగు లేని మెరిసే పూత గురించి. మామూలు డబ్బా క్లియర్‌కు పెట్రోలు, బ్రేకు ఆయిలు తగిలితే మెత్తబడుతుంది. గట్టిపడే ద్రవం కలిపే రెండు పాళ్ల క్లియర్ చాలా మన్నుతుంది, కానీ అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి వాసనతో హెచ్చరించవు, ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం ఉండే ఆస్తమా తెచ్చిపెడతాయి. మా పనివారిలో అలా పనికి దూరమైనవారిని నేను చూశాను. బయటి గాలి గొట్టంతో అందే మాస్కు లేకుండా దాన్ని కొట్టకండి. ప్రైమరూ రంగూ మీ చేత్తో మీరు వేసుకుని, క్లియర్ మాత్రం బూత్ (రంగు కొట్టడానికే కట్టిన మూసిన గది) ఉన్న షాపులో కొట్టించుకోండి. ముందుగా చక్రం వెనక కొంచెం కొట్టించి కింది రంగు ముడతలు పడలేదని చూసుకోండి.

పటమట, విజయవాడ (ప్రశ్న అడిగినవారు)

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కాస్టిక్ సోడా కొనడానికి రేపు వెళదామనుకున్నవాణ్ణి, ఆగిపోయాను. రెండు సందేహాలు మిగిలాయి. మా చక్రాల ఎదురు ముఖం సన్నని వలయాల గీతలతో వెండిలా మెరుస్తూ ఉంటుంది, కమ్మీల పక్కలు మాత్రం ముదురు బూడిద రంగు. రుద్ది రంగు వేస్తే ఆ మెరుపు తిరిగి వస్తుందా? అలాగే దీపావళి తరువాత ఈ పని మొదలుపెట్టవచ్చా?

ఆటోనగర్, విజయవాడ (జవాబు)

ఇంట్లో ఆ మెరుపు రాదండి. అది లేతు మీద ముఖాన్ని సన్నగా చెక్కి, పైన క్లియర్ మాత్రం కొట్టిన పని. కింద ప్రైమర్ లేని ఒట్టి లోహం కాబట్టే ఆ పురుగు తుప్పు ఇలాంటి ముఖాల మీద ఎక్కువగా పడుతుంది. మళ్లీ లేతు మీద చెక్కించవచ్చు గానీ చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, నాలుగైదు ఏళ్లకు తుప్పు మళ్లీ మొదలవుతుంది. చక్రం మొత్తానికి ఒకే వెండి రంగో ముదురు బూడిదో వేయడం మేలని నా అభిప్రాయం.

అరండల్‌పేట, గుంటూరు (జవాబు)

రోజుల విషయంలో నేను చెబుతాను. కార్తీకంలో వద్దండి. అప్పుడు తుపాను మబ్బులూ ముసురూ ఎప్పుడు పడతాయో తెలియదు. తేమ ఎక్కువున్న రోజున డబ్బా రంగు ఆరేటప్పుడు దాని ద్రావకం ఆవిరై లోహాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీదే దిగి, బూడిద పూసినట్టు తెల్లగా మసకబారుతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఇంకొక తంటా. రంగు చక్రాన్ని చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకలా గరుకుగా పడుతుంది. సంక్రాంతి వెళ్లాక, పొద్దుటి మంచు పూర్తిగా విడిచి డాబా నేల పొడిబారాక, పదకొండు నుంచి మూడు గంటల మధ్య నీడ పట్టున వేయండి. సాయంత్రం మంచు మొదలయ్యేలోపు చక్రాన్ని లోపలికి తెచ్చేయాలి. పక్కింటివారి బట్టలు ఆరే తాళ్లు ఎటున్నాయో, గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోండి.

ఒకేసారి నాలుగూ విప్పకండి. స్టెప్నీ ఎక్కించి ఒక్కో చక్రం చొప్పున చేస్తే కారు జాకీ మీద రోజుల తరబడి నిలబడవలసిన అవసరం ఉండదు. స్టెప్నీ మిగిలిన వాటికంటే చిన్నదైతే మాత్రం బండిని దూరం తిప్పకండి. అన్నట్టు, నా సలహా అడిగితే ముందు ఆ స్టెప్నీకే రంగు వేయండి. అది ఇనుముదైతే తుప్పు గీరి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేసి, పైన వెండి రంగు వేస్తే చాలు. చెయ్యి తిరిగేది అక్కడే.

పటమట, విజయవాడ (ప్రశ్న అడిగినవారు)

చాలా రోజుల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. చెప్పినట్టే సంక్రాంతి దాకా ఆగాను. అయస్కాంతం స్టెప్నీకి అంటుకుంది, మిగిలిన నాలుగింటికీ అంటుకోలేదు. మొదట స్టెప్నీ చేశాను. రెండుచోట్ల రంగు కారి చుక్కలు కట్టింది, దాన్ని 600 నంబరు పేపర్‌తో రుద్ది మళ్లీ వేశాను. దూరం, చేతి వేగం ఏమిటో అక్కడ తెలిసింది.

తరువాత ఎడమవైపు వెనక చక్రం తీసుకున్నాను. పాత బ్యాలెన్సింగు బరువులు ఊడదీయించి, టైరు తీయించి చూస్తే బీడు గాడిలో దాదాపు జానెడు పొడవున తెల్లని పెచ్చు కట్టి ఉంది. వేలుగోరు పెడితే పటికబెల్లం ముక్కలా విరిగింది. దాన్ని తీసి గాడిని చుట్టూ శుభ్రం చేయడానికే ఒక పూట పట్టింది. ఎదురు ముఖం మీద కనిపించే తుప్పు గీత రెండంగుళాలే అయినా, పూత తీస్తూ పోతే కింద అది అరచేయంత మేర విస్తరించి ఉంది. సరిహద్దు దాటి వేలెడు తీయమన్న మాట విలువ అప్పుడు అర్థమైంది. నీళ్లు పోసి చూసే పరీక్షలో మొదటిసారి బొట్లు విడిపోయాయి, మూడోసారికి పొరలా పరుచుకున్నాయి. ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, ముదురు బూడిద రంగు మూడు కోట్లు వేసి, క్లియర్ బూత్‌లో కొట్టించాను. చక్రం వెనక ముందుగా కొట్టి చూపించమని అడిగితే ఆ పనివారు సంతోషంగా ఒప్పుకున్నారు.

వారం రోజులు ఆరనిచ్చి, టైరు ఎక్కించి, బ్యాలెన్సింగు మళ్లీ చేయించాను. నట్లను నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా, కారు పుస్తకంలో ఉన్న 100 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించి, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూశాను. ఒక్కటీ కదలలేదు. ఆ చక్రంలో మూడు వారాల కిందట 32 పాయింట్ల గాలి పెట్టించాను, ఈ రోజు పొద్దున కొలిస్తే 32 ఉంది. నాన్నగారు కిందికి వచ్చి చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు చూశారు.

వచ్చే ఆదివారం కుడివైపు ముందు చక్రం విప్పుతున్నాను. దాని అంచు చెక్కుడు ఒకచోట రెండు మిల్లీమీటర్ల లోతు ఉన్నట్టుంది. అంత లోతు ఆకురాయితో తీయవచ్చా, లేక ఎపాక్సీ వేసి పుట్టీ పెట్టాలా?

ఆటోనగర్, విజయవాడ (జవాబు)

చాలా సంతోషం అండి. రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో తీయవద్దు, అంచు పలుచబడుతుంది. పైకి లేచి ఉన్న గరుకును మాత్రం నునుపు చేసి, ఎపాక్సీ ఆరాక అల్యూమినియం రజను కలిసిన పుట్టీని రెండు పలుచని విడతల్లో పెట్టండి. వెనకవైపు అదే చోట పగులు ఉందేమో లైటు వేసి చూడడం మరువకండి. అంచుకు అంత దెబ్బ తగిలిన చక్రం వంగి కూడా ఉండవచ్చు కాబట్టి, టైరు తీయించిన రోజే బ్యాలెన్సింగు మిషను మీద ఒట్టి రిమ్మును తిప్పించి, ఊగుతోందో లేదో చూసుకున్నాకే పేపర్ పట్టండి.